ఇల్లాలి ఆరోగ్యము: సిగ్గుచే దాచిన బాధ



క్రిందటి మాసమున మేమీ పుటలో వేసవి పానకములను గూర్చి ముచ్చటించితిమి. ఈ మాసమున చెప్పబోవునది అంత చల్లని మాట కాదు. ఇది పదిమందిలో చెప్పుకొనరాని విషయమని మనలో పెక్కుమంది తలంతురు. అట్లు చెప్పుకొనకపోవుటచేతనే మా యింట నొక పెద్ద ప్రమాదము తృటిలో తప్పినది. కావున మొగమోటమి విడిచి వ్రాయుచున్నాము.

మా యింటివారి అక్కగారికి, అనగా మా వదినగారికి, అప్పటికి 52 ఏండ్లు. ముట్టుడిగి మూడేండ్లయిన పిదప మరల నెత్తురు కనబడినది. ఎవ్వరికిని చెప్పక నాలుగు నెలలు గడిపిరి. తుదకు వైద్యురాలు పరీక్షించి, చిన్న ముక్క తీసి పంపించి, గర్భాశయ ముఖమున క్యాన్సరు పుట్టినదని తేల్చిరి. శస్త్రచికిత్సకు అదను దాటినది గాని కిరణచికిత్సచే నయమగుట కవకాశము కలదని చెప్పిరి. ఆసుపత్రి మా పట్టణముననే యుండుటచే వదినగారు మా యింట దిగిరి.

ఆ చికిత్స విధ మెట్టిదనగా, సోమవారము మొదలు శుక్రవారము వరకు, వారమునకు 5 దినముల చొప్పున 5 వారములు, మొత్తము 25 మారులు యంత్రము క్రింద పరుండవలెను. అది కొద్ది నిమిషముల పని, నొప్పి తెలియదు. వారమున కొక దినము సిస్‌ప్లాటిన్ అను మందును నరములోని కెక్కింతురు. అటుపిమ్మట లోపల సాధనముంచి కిరణముల నిచ్చు చికిత్స కొన్ని మారులు జరుగును. 1898లో క్యూరీ దంపతులు రేడియమును కనుగొన్న కొలది యేండ్లకే ఈ లోపలి చికిత్సకు అంకురార్పణ జరిగినది. నేడు రేడియమునకు మారుగా ఇరిడియము, కోబాల్టు వాడుచున్నారు.

మొదటి వారముననే పొరుగింటి పెద్దమ్మగారు వచ్చి, “అమ్మాయీ, ఆమె కంచము, మంచము వేరు పెట్టితివా? పిల్లలను దగ్గరకు పోనీయకుము” అని హెచ్చరించిరి. మేము మరునాడే నర్సమ్మ నడిగితిమి. దీప మార్పిన పిదప గదిలో వెలుగు మిగులనట్లే, యంత్రము ఆగిన పిదప ఒంటిలో కిరణము మిగులదట. లోపలి చికిత్సలోను, నేడు చాలచోట్ల నున్న పద్ధతిలో, కిరణమిచ్చు గింజను కొన్ని నిమిషము లుంచి తీసివేయుదురు. క్యాన్సరు అంటువ్యాధియును గాదు. ఆ సాయంకాలమే మా చిన్నది మేనత్త యొడిలో కూర్చుండి యెక్కములు వల్లించినది.

రెండు వారములు సుఖముగా గడచినవి. ఇక మా తప్పు చెప్పుకొందుము. రోగికి బలము కలుగవలెనని మేము ప్రొద్దుట గ్లాసెడు పాలు, మధ్యాహ్నము ఆకుకూర పప్పు, గోంగూర పచ్చడి, పచ్చి క్యారెట్టు కోరు, రాత్రి మరల పాలు ఇచ్చుచుంటిమి. మూడవ వారమున విరేచనములు పట్టుకొన్నవి. వదినగారు మాకు చెప్పలేదు. తమ్ముడు, మేనల్లుళ్లు తిరుగుచున్న యింట మాటిమాటికి మరుగుదొడ్డికి పోవుట వారికి తలవంపుగా తోచినది. రాత్రివేళ చీరలు తామే యుతికి పెరటిలో ఆరవేసికొనుచుండిరి. బస్సులో అవమానమగు నేమోయని నీరు మానిరి. పిదప అన్నమును మానిరి. నాలుగవ వారమున ఒకనాడు తలనొప్పి యని, మరునాడు నీరసమని చికిత్సకు పోలేదు. మూడవనాటి తెల్లవారుజామున స్నానాలగది గడపవద్ద కూలబడియుండగా మేము చూచితిమి.

“అమ్మాయీ, ఈ చికిత్స నాకు వద్దు. వ్యాధితో పోయినను మర్యాదగా పోవుదును” అనిరి.

ఆ దినమే ఆసుపత్రికి తోడ్కొనిపోయితిమి. వైద్యురాలు కోపపడక మూడు మాటలు చెప్పిరి. మొదటిది, ఇది వ్యాధి ముదిరిన గుర్తు కాదు. కిరణములు క్యాన్సరు కణములతోపాటు ప్రక్కనున్న ప్రేవుల లోపలి పొరను గూడ నొప్పించును. చికిత్స ముగిసిన కొన్ని వారములకు ఆ పొర చాలవరకు తేరుకొనును. రెండవది, నీరు మానరాదు. యంత్రము క్రిందికి పోవునప్పుడు మూత్రాశయము నిండియుండవలెనని తాము చెప్పినది ఊరక కాదు. అది నిండియున్నచో ప్రేవులను పైకి నెట్టి కిరణముల దారినుండి తప్పించును. నీరు మానగా ప్రేవులు క్రిందికి జారి మరింత దెబ్బ తినును. మూడవది, బయటి చికిత్సయు లోపలి చికిత్సయు కలిసి 8 వారములలో ముగియవలెను. జాప్యమైన కొలది వ్యాధికణములు మరల బలము పుంజుకొనును. “విరేచనములకు మాత్రలున్నవి, ఒంటినీరు తగ్గిన సెలైనున్నది. చెప్పని బాధకు మాత్రము మా యొద్ద మందు లేదు” అనిరి.

నాటినుండి మా వంటయిల్లు మారినది. మెత్తని తెల్లయన్నము, పలుచని మజ్జిగ, ఇడ్లీ, సగ్గుబియ్యపు జావ, చెక్కు తీసి మెత్తగా నుడికించిన సొరకాయ, బీరకాయ, పండిన అరటిపండు, నీరెక్కువగా పోసి కాచిన పెసరకట్టు వారికి సరిపడినవి. పాలు, పచ్చికూరలు, ఆకుకూరలు, కారము, ఆవకాయ, నూనెలో వేచినవి, కాఫీ కొంతకాలము మాన్పించితిమి. కడుపునిండ మూడు పూటలు గాక, కొంచెము కొంచెముగా ఆరు పూటలు పెట్టితిమి. అందరికి నొక్కటే పథ్యము కాదు. ఏది తిన్నపు డేమి జరిగినదో ఒక చిన్న పుస్తకములో వ్రాసి వైద్యులకు చూపుట మేలు. ఓ.ఆర్.ఎస్. పొట్లమును లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలిపి, ఒక దినములోపల వాడి, మిగిలినది పారబోయవలెను.

మూత్రమున మంట కలిగినచో అది కిరణములచేతనా, క్రిములచేతనా యని పరీక్షించి మందిత్తురు. ఇంటి చిట్కాలతో కాలయాపన చేయరాదు. గజ్జలయందును పిరుదుల నడుమను చర్మము కందును. గోరువెచ్చని నీటితో కడిగి, రుద్దక మెత్తని పాతగుడ్డతో అద్దవలెను. పసుపు, పౌడరు, వేడి కాపడము కూడదు. ఏ లేపనమైనను అడిగియే పూయవలెను. లంగా బొందు బిగించక వదులైన నూలుబట్టలు కట్టవలెను. చికిత్సకై ఒంటిపై పెట్టిన గుర్తులను చెరుపరాదు. తలవెండ్రుకలు ఈ కిరణములచే రాలవు. అలసట మాత్రము మిక్కుటము. పగటి నిద్ర కొంత, సాయంకాలము పెరటిలో నాలుగడుగులు కొంత యుండవలెను. 100.4 డిగ్రీల జ్వరము, మలమున నెత్తురు, నీరైనను నిలువని వాంతి, మూత్రము తగ్గుట, తల తిరుగుట వీనిలో నేది కనబడినను ఆ పూటనే ఆసుపత్రికి పోవలెను.

ఇంకొక మాట చెవిలో చెప్పవలసినది, ఇచట వ్రాయుచున్నాము. పడుచువారికి ఈ చికిత్సచే ముట్టు ఆగిపోవుటయు, బిడ్డలు కలుగు నవకాశము పోవుటయు సామాన్యము. ఒంటి ఆవిరులు, ఎముకల బలహీనత ముందుగానే రావచ్చును. కావున మొదలుపెట్టుటకు ముందే వైద్యురాలి నడుగవలెను. పెద్దలకు గాని పడుచులకు గాని చికిత్స పిదప యోని పొడిబారి ఇరుకగును. దానికై డైలేటరు అను నునుపైన సాధనమును, నీటితో కడిగిన పోవు జెల్లు పూసి, వైద్యులు చెప్పిన వారమునుండి వారమునకు రెండు మూడు మారులు కొన్ని నిమిషములు వాడుమని చెప్పుదురు. వదినగారు “ఈ వయస్సున నాకిది యెందులకు?” అనిరి. నర్సమ్మ నవ్వి, “దారి మూసికొనిపోయిన రేపు వైద్యురాలు లోపల చూచి వ్యాధి లేదని చెప్పుట యెట్లమ్మా?” అనెను. సంసారము చేయువారు భర్తతో ఈ సంగతి మాటాడుకొనవలెను. మానిన పుండునకు తొందర తగదని మగవారును తెలిసికొనవలెను.

కొన్ని బాధలు నెలలకు, ఏండ్లకు పిదప తలయెత్తును. మలమునందో మూత్రమునందో నెత్తురు, కాళ్ల వాపు, తుంటినొప్పి కనబడినచో వ్యాధి తిరుగబెట్టినదని గుండె చెదరనక్కరలేదు, దాచనును రాదు. ఏ వైద్యుని యొద్దకు పోయినను “నాకు పొత్తికడుపునకు కిరణచికిత్స జరిగినది” అని ముందుగా చెప్పవలెను.

మేము బాల్యమున తండ్రిగారియొద్ద నన్నయభట్టారకుని సభాపర్వము చదువుకొంటిమి. ఏకవస్త్రయై, రజస్వలయై, జుట్టు పట్టి యీడ్వబడిన ద్రౌపది నిండుసభలో ధర్మ మడిగినది. ఆ స్థితిలో నడుగుట సిగ్గని యామె యనుకొనలేదు. సిగ్గుపడవలసినవారు బదులు చెప్పక కూర్చున్న పెద్దలు. అట్టి కథను భక్తితో వినెడి మనము, నాలుగు గోడల నడుమ నొక వైద్యురాలితో “నాకు విరేచనము లగుచున్నవి” అని చెప్పుటకు సిగ్గుపడుట తగునా?

ఈ వ్యాధికి హెచ్.పి.వి. అను సూక్ష్మజీవి మూలమని నిరూపించిన హరాల్డ్ జుర్ హౌసెన్‌గారికి 2008లో నోబెలు బహుమాన మిచ్చిరి. 9 మొదలు 14 ఏండ్ల లోపు ఆడుబిడ్డలకు టీకా వేయించుట, 30 దాటిన మనము పరీక్ష చేయించుకొనుట మనచేతి పనులు. మా చిన్నదానికి టీకా వేయించితిమి. మేమును పరీక్ష చేయించుకొంటిమి.

వదినగారు చికిత్స పూర్తిచేసికొని రెండేండ్లయినది. వ్యాధి జాడ లేదు. కడుపు మాత్రము మునుపటివలె లేదు. ప్రయాణమున సంచిలో నొక చీర అదనముగా నుంచుకొందురు. క్రిందటి పండుగకు వచ్చినపుడు ఆ సంచిని గూటిలో దాచక, అందరు చూచుచుండగా వాకిటి కొక్కెమునకు తగిలించిరి. అది చూచి మాకు కన్నీరు వచ్చినది. ఈ పుట వ్రాయవలెనని అప్పుడే నిశ్చయించుకొంటిమి.