ఇల్లూ లోనూ ఒకే చేతిలోనా?

ఇల్లు చూపించేదీ ఆయనే, లోన్ ఇప్పించేదీ ఆయనే. అమెరికాలోని తెలుగు కుటుంబాలకు ఈ ఏర్పాటు కొత్తేమీ కాదు. రియల్టర్ లైసెన్సు, మార్ట్‌గేజ్ లైసెన్సు రెండూ ఉన్న మనవాళ్లు చాలా ఊళ్లలో ఉన్నారు. ఇద్దరూ ఉద్యోగాలు చేస్తూ, సాయంత్రాలు పిల్లల్ని క్లాసులకు తిప్పుకునే దంపతులకు "రెండూ నేనే చూసుకుంటాను, మీరు సంతకాలు పెడితే చాలు" అన్న మాట పెద్ద ఊరట. ఆ ఊరటకు మనం ఎంత చెల్లిస్తున్నామో సంతకానికి ముందే లెక్క చూసుకోవాలి.

ముందుగా ఒక మాట. ఇందులో చట్టవిరుద్ధం ఏమీ లేదు. నియమాలు రాష్ట్రాన్ని బట్టి మారినా, సరైన లైసెన్సులు ఉండి, విషయం రాతపూర్వకంగా చెబితే చాలాచోట్ల ఒకే వ్యక్తి రెండు పనులూ చేయవచ్చు. ఎఫ్‌హెచ్ఏ లోన్ల విషయంలో ఉన్న ఆంక్షలను కూడా ప్రభుత్వం 2022 డిసెంబరులో సడలించింది. 1974 నాటి రెస్పా చట్టం నిషేధించేది అసలు పనేమీ చేయకుండా, మనిషిని పంపించినందుకే డబ్బు పుచ్చుకోవడాన్ని. లాభాలు కూడా లేకపోలేదు. పత్రాలన్నీ ఒకచోట ఉంటాయి, ఆఫర్ త్వరగా పెట్టవచ్చు, కొందరు కమీషన్‌లో కొంత తిరిగి ఇస్తారు కూడా.

చిక్కంతా డబ్బు ఎటునుంచి వస్తుందన్న దగ్గరే. 6 లక్షల డాలర్ల ఇల్లు, 20 శాతం డౌన్‌పేమెంట్, 4.8 లక్షల లోన్ అనుకుందాం. కొనుగోలు కమీషన్ 2.5 శాతమైతే 15,000 డాలర్లు. లోన్ మీద 1 శాతం వస్తే మరో 4,800. ఈ 19,800 డాలర్లు ఇల్లు చేతులు మారితేనే వస్తాయి. వేర్వేరు మనుషులైనా వారికి డబ్బు వచ్చేది క్లోజింగ్ అయ్యాకే కదా అనవచ్చు. నిజమే. కానీ అప్పుడు ఒకరి పనిని ఇంకొకరు చూస్తారు. వడ్డీ ఎక్కువగా ఉంటే, ఫైలు నత్తనడక నడుస్తుంటే "ఇంకో లెండర్‌ను అడగండి" అని రియల్టర్ చెప్పగలడు. "ఈ ధరకు మీ నెలసరి వాయిదా బరువవుతుంది" అని లోన్ ఆఫీసర్ హెచ్చరించగలడు. రెండు కుర్చీల్లో ఒకే మనిషి కూర్చుంటే ఆ రెండు మాటలూ చెప్పేవారుండరు. కోడ్ రాసినవాడే దాన్ని రివ్యూ చేసి ప్రొడక్షన్‌కు పంపడాన్ని మన కంపెనీల్లో ఒప్పుకోం. ముప్పై ఏళ్ల అప్పుకు మాత్రం ఎందుకు ఒప్పుకోవాలి?

వడ్డీలో పావు శాతం తేడా చిన్నదిగా కనిపిస్తుంది. అదే 4.8 లక్షల లోన్‌ను 30 ఏళ్లకు 6.5 శాతానికి తీసుకుంటే వాయిదా సుమారు 3,034 డాలర్లు, 6.75 శాతానికైతే 3,113. నెలకు 79 డాలర్ల చొప్పున, లోన్ చివరిదాకా ఉంచుకుంటే 28,500 డాలర్లు దాటుతుంది. కమీషన్‌లో వెనక్కి వచ్చిన రెండు మూడు వేలు దీని ముందు ఏపాటి?

హెచ్1బి మీద ఉన్న కుటుంబాలకు ఇంతకంటే పెద్ద ప్రమాదం ఉంది. పోటీ ఎక్కువున్నప్పుడు ఆఫర్ గట్టిగా కనిపించాలని ఫైనాన్సింగ్ కంటింజెన్సీ వదిలేయమంటారు. అది ఉంటే, లోన్ రాకపోయినా గడువులోపు తప్పుకుని ఎర్నెస్ట్ మనీ తిరిగి తెచ్చుకోవచ్చు. వదిలేశాక, క్లోజింగ్ లోపు ఉద్యోగం పోతే? లెండర్ చివర్లో ఉద్యోగాన్ని మళ్లీ నిర్ధారించుకుంటాడు. లోన్ ఆగుతుంది, ఎర్నెస్ట్ మనీ పోతుంది, కొత్త ఉద్యోగం వెతుక్కోవడానికి వీసా ఇచ్చే గడువు గరిష్ఠంగా 60 రోజులు. ఆ కంటింజెన్సీ వదలవచ్చా లేదా అన్న ప్రశ్నకు జవాబు, వదిలితే రెండు వైపులా లాభపడే మనిషి దగ్గర తీసుకోకూడదు.

కాబట్టి ఇల్లు ఒకరితో, లోన్ మరొకరితో చేసుకోవడమే మేలు. అయినా ఒక్కరితోనే వెళ్లాలనుకుంటే కనీసం ఈ జాగ్రత్తలు తీసుకోండి. బయట మరో ఇద్దరు లెండర్ల దగ్గర ఒకే రోజు లోన్ ఎస్టిమేట్ తీసుకోండి. దరఖాస్తు అందిన మూడు పనిదినాల్లో దాన్ని ఇవ్వడం వారి బాధ్యత. 45 రోజుల వ్యవధిలో ఎందరు మార్ట్‌గేజ్ లెండర్లు క్రెడిట్ చూసినా సాధారణంగా ఒకే విచారణగా లెక్కిస్తారు కనుక స్కోరు గురించి భయం వద్దు. రెండో పేజీలో 'ఏ' విభాగంలోని ఆరిజినేషన్ చార్జీలను, మూడో పేజీలో అయిదేళ్లకు కట్టే మొత్తాన్ని పక్కపక్కన పెట్టి చూడండి. 2024 ఆగస్టు 17 నుంచి చాలామంది ఏజెంట్లు ఇల్లు చూపించే ముందే రాతపూర్వక ఒప్పందం తీసుకోవాలి. అందులో కమీషన్ ఎంతో, లోన్ కూడా వారి దగ్గరే తీసుకోవాలన్న షరతు ఏమైనా ఉందో చదవండి. లెండర్ సంస్థలోనో టైటిల్ కంపెనీలోనో వారికి వాటా ఉంటే ఆ సంగతి రాసివ్వాలి. ఇన్‌స్పెక్టర్‌ను మీరే వెతుక్కోండి. క్లోజింగ్‌కు మూడు పనిదినాల ముందు వచ్చే క్లోజింగ్ డిస్‌క్లోజర్‌ను మొదటి ఎస్టిమేట్‌తో వరసవరసగా పోల్చండి.

ఇవన్నీ తెలిసినా చాలామంది అడగరు. కారణం మొహమాటం. ఆయన మన ఊరివాడు, ఉగాది వేడుకలకు స్పాన్సర్, పిల్లలు ఒకే బడి. "వేరే చోట రేటు అడిగితే ఏమనుకుంటారో" అన్న బెరుకు. పచారీ కొట్లో పది డాలర్ల తేడాకు రెండు చోట్ల వాకబు చేసే మనం, జీవితంలోకెల్లా పెద్ద అప్పు దగ్గర నోరు మెదపం. నిజాయితీగా పనిచేసే ఏజెంటు ఈ ప్రశ్నకు నొచ్చుకోడు. "తప్పకుండా అడిగి రండి" అని తానే ఇద్దరు బయటి లెండర్ల పేర్లు ఇస్తాడు. అడిగినందుకు ముఖం మాడ్చుకున్నవారి దగ్గర సంతకం పెట్టకపోవడమే మంచిది. స్నేహం పండగల దగ్గర నిలుపుకోవచ్చు. నెలనెలా వాయిదా కట్టాల్సింది మాత్రం మీరే.