నాలుక చచ్చి కాదు

కిందటేడు బంధువుల పెళ్ళిభోజనంలో పెరుగు కప్పు రెండోది అడిగాను. పక్కన కూర్చున్న బాబాయి చెయ్యి ఆపి నా వంక చూశాడు. "ఏరా, కడుపులో పుండా?" అన్నాడు. ఎదురు వరసలోంచి అత్తయ్య "షుగరేమో" అంది. చిన్నప్పుడు నేను పెరుగు ముట్టేవాణ్ణి కానని ఆ బంతిలో సగంమందికి తెలుసు కాబట్టి తీర్పు త్వరగానే వచ్చింది. "వయసురా. ఆవకాయ పడదు, మాంసం అరగదు. కడుపులో చల్ల కదలకుండా బతకాల్సిన రోజులు" అని తేల్చేశాడు బాబాయి. నాకు అప్పటికి నలభై ఏడు.

నడివయసులో పెరుగు నచ్చిందంటే రోగమైనా వచ్చి ఉండాలి, నాలుకైనా చచ్చి ఉండాలి. మనవాళ్ళ లెక్క ఇది. ఈ లెక్క తప్పు.

ముందు నాలుక సంగతి. రుచిమొగ్గల్లోని కణాలు చెప్పుల్లా అరిగిపోయేవి కావు. సుమారు పది రోజులకోసారి పాతవి పోయి కొత్తవి వస్తుంటాయి. వయసుతో రుచి మందగించే మాట నిజమే గానీ, అందులో పెద్ద వాటా ముక్కుది, అదీ బాగా తెలిసేది అరవై దాటాక. సరే, నాది ముందే మొద్దుబారిందనే అనుకుందాం. మొద్దుబారిన నాలుక ఏమడుగుతుంది? ఇంకో చెంచా కారం, ఇంకో చిటికెడు ఉప్పు. ఎనభై ఏళ్ళ పెద్దాయన పప్పులో ఉప్పు లేదని రోజూ పేచీ పెట్టేది అందుకేనేమో. ఏ ఘాటూ లేని పెరుగులో తేడాలు పట్టాలంటే నాలుక మేలుకునే ఉండాలి.

పిల్లలకు పులుపు పడదనీ, పెద్దయ్యాక అలవాటవుతుందనీ మరో మాట. అయితే బడి గేటు ముందు ఉప్పూకారం అద్దిన మామిడికాయ ముక్కలు కొన్నదెవరు? చింతపండు ఉండని పుల్లకు గుచ్చి చప్పరించిందెవరు? పెద్దవాళ్ళు మొహం చిట్లించే పులుపుని చాలామంది పిల్లలు లొట్టలేసుకుంటూ తింటారు. నన్ను పెరుక్కి దూరం చేసింది బలవంతం. పెరుగన్నం తినకుండా లేస్తే అన్నం తిన్నట్టే కాదన్నది మా ఇంటి చట్టం. పప్పూ, కూరా, చారూ అయి కడుపు నిండాక, అదే కంచంలో చారు మరకల మీద అన్నమూ పెరుగూ పడేవి. అమ్మ పిసికేసరికి తెల్లటి అన్నం మట్టిరంగుకి తిరిగేది. వేళ్ళ సందుల్లోంచి జారే ఆ ముద్ద మింగేదాకా పీట మీంచి కదలడానికి లేదు. బడికి కట్టిన డబ్బాలోనూ అదే. మధ్యాహ్నానికి పులిసి నీరుకారేది. మూత తీస్తే పక్కవాడు జరిగి కూర్చునేవాడు. ఆ పద్ధతిలో పెడితే మైసూర్‌పాకు మీదైనా పగ పడతాం.

ఇక ఆరోగ్యం. పెరుగుని మందుల వరసలో నిలబెట్టినవాళ్ళలో పెద్దపేరు ఇల్యా మెచ్నికాఫ్‌ది. పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో పనిచేశాడు. రోగనిరోధక శక్తి మీద చేసిన కృషికి 1908లో నోబెల్ అందుకున్నాడు. బల్గేరియా పల్లెల్లో జనం ఎక్కువకాలం బతకడానికి పులిసిన పాలే కారణమని నమ్మి, తనూ రోజూ తాగాడు. 1916లో డెబ్బై ఒక్క ఏళ్ళకు పోయాడు. ఆయన్ని వెక్కిరించడం నా ఉద్దేశం కాదు, పేగుల్లోని సూక్ష్మజీవుల గురించి అంత ముందే ఆలోచించిన మనిషి. కానీ కప్పు మీద బాక్టీరియా పేర్లు చదువుకుని తినేవాడు మాత్ర వేసుకుంటున్నాడు, పెరుగు తినడంలేదు. ఒక్కటి ఒప్పుకుంటాను. నాకు పాలు పడటం మానేశాయి. పాలలోని చక్కెరను అరిగించే ఎంజైము చాలామందిలో పెద్దయ్యేకొద్దీ తగ్గుతుంది. పెరుగులో ఆ చక్కెరను కొంతవరకు సూక్ష్మజీవులే తినేస్తాయి గనక ఇబ్బంది తక్కువ. అయితే పడటం వేరు, నచ్చడం వేరు. సగ్గుబియ్యం జావ కూడా నాకు పడుతుంది.

నచ్చింది ఎలాగంటే, ఆ పెళ్ళికి ముందు ఏడాది మే నెలలో అమ్మా, మా ఆవిడా, పిల్లాడూ పన్నెండు రోజులు ఊరెళ్ళారు. వెళ్తూ అమ్మ ఒక్కటే చెప్పింది: "తోడు పోగొట్టకురా." ఏ రోజు పెరుగు ఆ రాత్రి పాలకు తోడవుతూ ఏళ్ళ తరబడి తెగకుండా నడుస్తున్న వరస అది. మొదటి రాత్రే తొందరపడి వేడి పాలలో వేశాను. పొద్దున్నకి పాలు పాలుగానే ఉన్నాయి, వాసన మాత్రం మారింది. పాత గిన్నె అడుగున రెండు చెంచాలు మిగిలి ఉండబట్టి పరువు దక్కింది. రెండో రాత్రి ఫోనులో పాఠం: "చిటికెనవేలు ముంచి పది లెక్కపెట్టు. వేలు తీసెయ్యాలనిపించకూడదు, చల్లగానూ తగలకూడదు." మర్నాడు చెంచా గుచ్చితే నిలబడింది.

తోడుకి చెంచాడు చాలు. మిగతా అర లీటరు ఎవరు తినాలి? పారబోయడానికి చెయ్యి రాలేదు. పొయ్యిగట్టు దగ్గర నిలబడే, అన్నం లేకుండా తిన్నాను. పొద్దున్న ఆరింటికి కమ్మదనం ముందుంది, పులుపు ఎక్కడో వెనక. పదకొండింటికి రెండూ పక్కపక్కకి చేరాయి. బెజవాడ ఎండకి సాయంత్రమయ్యేసరికి మూత తియ్యకముందే పులుపు పలకరించింది. మీగడ దారి మీగడది, కింద గడ్డ, అంచున ఊరే లేతపసుపు నీరు. ఇన్ని ఉన్న గిన్నెలో చిన్నప్పుడు నా వాటాకి వచ్చింది ఆ సాయంత్రం పులుపొక్కటే, అదీ చారు కలిసి.

"చివరికి దారికొచ్చావు" అంటుంది అమ్మ ఇప్పుడు. ఆ మాటా ఒప్పుకోను. అన్నంలో నేను ఈనాటికీ పెరుగు కలుపుకోను. చారుతో భోజనం ముగించి కంచం కడిగేస్తాను. పెరుగు గిన్నె వేరు, దాని వేళ వేరు.

మా వాడికి పన్నెండేళ్ళు. పెరుగు చూస్తే మొహం తిప్పుకుంటాడు. మొన్న ఆదివారం అమ్మ ఉండబట్టలేక "వాడికీ కాస్త వెయ్యరా" అంది.

గిన్నె నా వైపు లాక్కున్నాను. "వాడికి పెడితే నాకు చాలదమ్మా."