కుట్లు విప్పగానే అయిపోయిందా?

"ఆపరేషన్ సక్సెస్ అయిందిగా, ఇంకేంటి?" ఈ మాట వింటే ఒళ్లు మండిపోతుంది. పుర్రె తెరిచి, కణితి తీసి, మళ్లీ మూసి కుట్లు వేయడం డాక్టర్ల పని. అది కొన్ని గంటల్లో ముగుస్తుంది. ఆ మనిషి మళ్లీ తేరుకోవడం నెలల పని. ఆ నెలలన్నీ ఎవరి నెత్తిన పడుతున్నాయో అడిగే నాథుడు లేడు.

మా బాబాయికి మెదడులో ఎడమవైపు కణితి తీశారు. ఇంటికి రాగానే చుట్టాల తాకిడి మొదలైంది. చేతిలో యాపిల్ పళ్ల కవరు, నోట్లో ప్రశ్నపత్రం. "నేనెవరో చెప్పు చూద్దాం?" "ఇవి ఎన్ని వేళ్లు?" ఆయన మాట కోసం వెతుక్కుంటుంటే ఆగే ఓపిక లేదు. "పాపం, ఏమీ గుర్తు లేనట్టుందే" అని ఆయన ముందే పిన్నితో అంటారు. ఆయనకు వినబడుతోందయ్యా! మాట రాకపోతే తెలివి పోయినట్టా? 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే వైద్యుడు పరీక్షించిన రోగి నోట 'టాన్' అన్న శబ్దం తప్ప దాదాపు ఏమీ వచ్చేది కాదు. ఎదుటివాళ్లు చెప్పేది మాత్రం అర్థమయ్యేది. ఆ సంగతి లోకానికి తెలిసి నూట అరవై ఏళ్లు దాటింది. మన పెద్దమనుషుల బుర్రకెక్కడానికి ఇంకెన్నేళ్లు కావాలి?

"వచ్చినవాళ్లను పలకరించడు, ఎప్పుడూ పడకే" అని ఇంకో నింద. మెదడు కోలుకునేటప్పుడు వచ్చే నీరసం ఒక్క రాత్రి నిద్రతో తీరదు. నలుగురు ఒకేసారి మాట్లాడినా, టీవీ గట్టిగా మోగినా తల బద్దలవుతుంది. మెదడు ముందుభాగం దెబ్బతింటే ఉన్నట్టుండి కోపం వస్తుంది, ఏ పనీ మొదలుపెట్టబుద్ధి కాదు. కాలు విరిగినవాణ్ణి పరుగెత్తమని ఎవరూ అనరు. ఈ గాయం పైకి కనబడదు కాబట్టి పొగరనీ, బద్ధకమనీ పేర్లు పెడతారు.

ఇక ఉచిత సలహాలు. "ఆ మాత్రలు వేడి చేస్తాయి, ఆపేసి ఆకు పసరు పట్టించు." వాపు తగ్గడానికిచ్చే స్టెరాయిడ్‌ను డాక్టరు చెప్పినట్టు మెల్లమెల్లగా తగ్గించాలి. ఫిట్స్ మాత్ర హఠాత్తుగా మానేస్తే ప్రాణం మీదికొస్తుంది. ఫిట్స్ వస్తే చేతిలో తాళాలగుత్తి పెట్టేవాళ్లూ, నోట్లో చెంచా కుక్కేవాళ్లూ బోలెడుమంది. పక్కకు తిప్పి పడుకోబెట్టాలని, అయిదు నిమిషాల్లో ఆగకపోతే 108కి ఫోన్ చేయాలని, ఆగినా ఆపరేషన్ చేసిన డాక్టరుకు వెంటనే చెప్పాలని అనేవాడు ఒక్కడూ కనబడడు.

చెప్పాల్సింది ఆస్పత్రి కాదా? డిశ్చార్జి రోజు బిల్లు కౌంటరు దగ్గర గంటలు గంటలు నిలబెడతారు. ఈ నాలుగు సంగతులు చెప్పడానికి మాత్రం టైముండదు. చేతిలో పెట్టే కాగితం ఇంగ్లీషులో. దాన్ని చదవాల్సింది పదో తరగతితో చదువాపేసిన భార్య! కుట్ల దగ్గర నీరు కారినా, జ్వరమొచ్చినా, వాంతులు ఆగకపోయినా, మగత పెరిగినా వెంటనే రమ్మని తెలుగులో రాసివ్వడానికి చేతులు రావా?

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఎందరో పేదలకు ఆపరేషన్ చేయించింది, కాదనను. ఆ తర్వాత? మాట నేర్పే స్పీచ్ థెరపిస్టు పల్లెలో ఎక్కడ దొరుకుతాడు? పాడేరు మనిషి వారం వారం విశాఖకూ, అచ్చంపేట మనిషి హైదరాబాద్‌కూ తిరగగలరా? ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే తీసేయకూడదని 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ చెబుతోంది. అది ప్రభుత్వ సంస్థలకే. ప్రైవేటు కంపెనీలో చేసేవాడి గతేంటి?

ఇంకో దుర్మార్గం. భర్తకు ఆపరేషన్ అయితే భార్య రాత్రింబవళ్లు చాకిరీ చేస్తుంది. "నువ్వు తిన్నావా అమ్మా" అని అడిగే దిక్కుండదు. భార్యకే ఆపరేషన్ అయితే? "కొన్నాళ్లు పుట్టింట్లో ఉండనీ" అని పంపేసే ఇళ్లు ఎన్ని లేవు! గుండు మీది కుట్లు చూసి మొహం తిప్పుకునే అత్తగార్లు ఎంతమంది లేరు!

చూడ్డానికి వచ్చే చుట్టాల్లారా, మీ పరీక్షలు గుమ్మం బయటే వదలండి. ఒక్కరొక్కరుగా రండి, నెమ్మదిగా మాట్లాడండి, జవాబు వచ్చేదాకా ఆగండి. పళ్లకు బదులు ఓ పూట క్యారేజీ తీసుకురండి. రోగి పక్కన మీరు కూర్చుని, నెలల తరబడి కంటినిండా నిద్రలేని ఆ ఇల్లాలిని రెండు గంటలు పడుకోనివ్వండి. మాత్రల టైము ఆ కాసేపు మీరు చూడండి. అదీ చేతకాకపోతే దయచేసి రాకండి. మీరు చేయగల సాయం అదొక్కటే.