ఖరీదైన పాట, కరువైన మాట

ప్రశ్న: మాకు పెళ్ళయి ఇరవై యేళ్ళయింది. మా వారికి పాటలంటే ప్రాణం. అది మంచిదే. కాని అయిదారేళ్ళుగా ఆంప్లిఫయర్లనీ, స్పీకర్లనీ, రికార్డు ప్లేయర్లనీ ఒకదాని తరువాత ఒకటి తెప్పిస్తున్నారు. ధర అడిగితే నిజం చెప్పరు. ఇంటికి రాగానే గది తలుపు వేసుకొని కూర్చుంటారు. నేను చెప్పే మాట వినిపించుకోరు. ఇది మానసిక వ్యాధా? మందులతో తగ్గుతుందా? వాటిని అమ్మేయమని నేను పట్టుబట్టవచ్చునా?
— ఒక సోదరి, ప్రొద్దుటూరు

జవాబు: అమ్మా! మీరు మూడు ప్రశ్నలు అడిగారు. మూడింటికీ జవాబు చెబుతాను. కాని అంతకంటె ముందు, మీరు అడగని నాలుగో ప్రశ్న ఒకటి ఉన్నది. మీ వారు మీ మాట వినడం లేదా, లేక ఆయనకు వినపడడం లేదా? ఈ రెండింటికీ చాలా తేడా ఉన్నది. ఆ తేడా ఎంతటిదో నాకు కమలాపురంలో ఒక దంపతుల వల్ల బాగా తెలిసివచ్చింది. వారి అనుమతితోనే, ఆనవాళ్ళు కొన్ని మార్చి, ఆ సంగతి వ్రాస్తున్నాను.

ఆమెకు నలభై అయిదేళ్ళు. నెలనెలా రక్తపోటు మాత్రల కోసం మా ఆసుపత్రికి వచ్చేది. మాత్రలు సక్రమంగా వేసుకొంటున్నా, ఉప్పు తగ్గించినా, రక్తపోటు 160/100 నుంచి దిగలేదు. ఇంకొక మాత్ర చేర్చే ముందు, "రాత్రి నిద్ర పడుతోందా అమ్మా?" అని అడిగాను.

"నిద్ర ఏడిది సార్! పదకొండు దాకా ఇల్లంతా మోగతా ఉంటాది. మా ఇంటాయన పాటల పిచ్చి. నోరు నొప్పి పుట్టేటట్టు చెప్పినా నా మాట చెవిన బెట్టడు" అన్నది. అంటూనే కళ్ళు తుడుచుకొన్నది. ఆయన చొక్కా ఉతకబోతే జేబులో ఒక బిల్లు దొరికిందట. పదిహేను వేలని చెప్పిన ఆంప్లిఫయరు ఖరీదు అందులో అరవై అయిదు వేలని ఉన్నదట. కూతురి హాస్టలు ఫీజు కట్టడానికి మాత్రం గడువు మీద గడువు అడుగుతున్నారట.

మరుసటి వారం ఆయనను కూడా వెంటబెట్టుకొని రమ్మన్నాను. ఆయన ఎర్రగుంట్ల దగ్గర ఒక బండల పాలిష్ మిల్లులో సూపర్‌వైజరు. మర్యాదస్తుడు. తాగుడు లేదు, పేకాట లేదు. పాటల సంగతి ఎత్తేసరికి ముఖం వెలిగింది. "సార్, మొన్న తెచ్చిన స్పీకర్లలో తాళాలు, గజ్జెలు సన్నగా పలకడం లేదు. అంతకు ముందువి కూడా అంతే. ఈసారి ఒక్క ట్వీటర్లు మారిస్తే సరిపోతాది" అన్నాడు.

నాకు అక్కడ అనుమానం వచ్చింది. మూడు జతల స్పీకర్లు మార్చినా సన్నని ధ్వనులే సరిగా వినపడడం లేదంటే, లోపం మూడు పెట్టెల్లోనూ ఉండడం అరుదు. ఆయన వెనుక నిలబడి, చేయి చాపినంత దూరం నుంచి, గుసగుసగా అంకెలు చెప్పి తిరిగి చెప్పమన్నాను. సగం తప్పు చెప్పాడు. కడప రిమ్స్‌కు పంపి చెవి పరీక్ష చేయించాను. ఈ పరీక్షను ఆడియోగ్రాం అంటారు. ఇందులో నొప్పి గాని, సూదులు గాని లేవు. గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, లావు ధ్వని నుంచి సన్నని ధ్వని దాకా ఎంత మెల్లగా ఉన్నప్పుడు వినగలరో చూస్తారు. మామూలు మనిషికి 20 డెసిబెళ్ళ లోపే వినపడాలి. ఆయనకు లావు ధ్వనులు బాగానే వినపడ్డాయి. సెకనుకు 4,000 కంపనాల వద్దకు వచ్చేసరికి కుడిచెవికి 55, ఎడమచెవికి 60 డెసిబెళ్ళు కావలసివచ్చాయి. పెద్ద మోతల వల్ల దెబ్బతిన్న చెవికి చాలామందిలో మొట్టమొదట గుంట పడేది సరిగ్గా అక్కడే.

దీని కారణం చెబుతాను. లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఒక భాగం ఉంటుంది. అందులో ఒక్కొక్క చెవికి సుమారు 15 వేల సూక్ష్మమైన కణాలు, తలలపై కేశాల వంటి మొనలతో, వరుసలు తీరి ఉంటాయి. ధ్వనిని నరానికి అందించేవి అవే. సన్నని ధ్వనులను పట్టుకొనే కణాలు ఆ నత్తగుల్ల ముఖద్వారం దగ్గరే ఉంటాయి. అంచేత మోత తాకిడి ముందుగా వాటికే తగులుతుంది. ఒకసారి చచ్చిపోయిన కణం మనుష్యులలో మళ్ళీ పుట్టదు. పగలంతా రాళ్ళు కోసే యంత్రాల మోత, రాత్రి మూడు గంటలు స్పీకర్ల మోత — పాపం, ఆ చెవికి విశ్రాంతి ఎప్పుడు?

ఇప్పుడు సంసారం సంగతికి వద్దాం. మన మాటలో అచ్చుల ధ్వని లావు. స, శ, చ, త వంటి హల్లుల ధ్వని సన్నం. సన్నని ధ్వనులు పోయిన మనిషికి భార్య మాట్లాడుతున్నదని తెలుస్తుంది, ఏమంటున్నదో తెలియదు. ఆడవాళ్ళ గొంతు, పిల్లల గొంతు మరీ కష్టం. వంటింట్లో కుక్కరు కూస్తున్నా, మిక్సీ తిరుగుతున్నా చెప్పనే అక్కరలేదు. ఆయన రెండుసార్లు "ఏందీ?" అంటాడు, మూడోసారి సిగ్గుపడి ఊరికే తల ఊపుతాడు. తల ఊపి ఆ పని చేయడు. ఆమె నిర్లక్ష్యం అనుకొంటుంది. ఆమె గొంతు పెంచితే ఆయన కోపం అనుకొంటాడు. అరుపులు భరించలేక గదిలోకి వెళ్ళి తలుపు వేసుకొంటాడు. ఆ సంసారంలో ఏళ్ళ తరబడి జరుగుతున్నది ఇదే.

రిపోర్టు చూపి ఈ మాట చెప్పినప్పుడు ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "అయితే సార్, నేను మార్చిన పెట్టెలన్నీ..." అని ఆగిపోయాడు. ఆమె ఎత్తిపొడవలేదు. "ఇన్నేండ్లూ నేను అరస్తానే ఉంటిని గదా సార్" అని మాత్రం అన్నది.

కాని నేను అక్కడితో ఆయనను వదలిపెట్టలేదు. చెవి చెడడం ఆయన తప్పు కాదు. 65 వేలను 15 వేలని చెప్పింది చెవి కాదు. ఆ మాట నా గదిలోనే అన్నాను. అప్పుడు ఆయన, ఆమెకు తెలియకుండా ఆమె గొలుసు కూడా తాకట్టు పెట్టినట్లు ఒప్పుకొన్నాడు. భార్యకు పుట్టింటివారు పెట్టిన నగలు ఆమె సొంత ఆస్తి అని సుప్రీంకోర్టు 1985లోనే ప్రతిభారాణి కేసులో తేల్చి చెప్పింది. 2024లో మరొక కేసులో మళ్ళీ చెప్పింది. కష్టకాలంలో భర్త వాడుకొన్నా తిరిగి ఇవ్వవలసినదే. ఇది చట్టం మాట. వైద్యుడిగా నా మాట ఏమంటే, ఆమె రక్తపోటుకు మాత్ర కంటె ముందు ఆ గొలుసు, ఆ నిజం అవసరం.

ఇక మీ ప్రశ్నలు. ఇది మానసిక వ్యాధా? పాటల మీద, మంచి ధ్వని మీద ఇష్టం వ్యాధి కాదు. నేనూ కర్నూలులో హౌస్‌సర్జన్‌గా ఉన్నప్పుడు, చేతికి వచ్చిన స్టైఫండులో ఇంటికి పంపవలసిన డబ్బు మినహాయించి టేప్‌రికార్డరు కొన్నవాడినే. నాన్నగారికి అబద్ధం వ్రాశాను. ఆ ఆనందం ఎంతటిదో, ఆ అబద్ధం ఎంత బరువో రెండూ నాకు తెలుసు. మద్రాసులో వి.ఎ.కె. రంగారావుగారు పాత గ్రామఫోను రికార్డులు వేలాదిగా సేకరించి భద్రపరచారు కాబట్టే ఎన్నో పాత పాటలు ఈనాటివారికి దక్కాయి. కాబట్టి అభిరుచిని చిన్నబుచ్చకండి. అయితే కొన్న వస్తువు దాచడం, ధర విషయంలో అబద్ధమాడడం, అప్పు మీద అప్పు చేయడం, మానాలనుకొని మానలేకపోవడం, ఫీజులు, మందుల డబ్బు అటు మళ్ళించడం — ఇవన్నీ కలిసి కనిపిస్తే మానసిక వైద్యుడి సలహా తీసుకోవాలి. ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలిమానస్ సర్వీసుకు 14416 నెంబరుకు ఫోను చేస్తే డబ్బు ఖర్చు లేకుండా తెలుగులోనే మాట్లాడవచ్చు.

మందులతో తగ్గుతుందా? కొనే కోరికకు మాత్ర లేదు. పోయిన వినికిడి కూడా మందులతో తిరిగి రాదు. వస్తుందని చెప్పి చెవిలో చుక్కలు, పసర్లు పోసేవారిని నమ్మకండి. లోపాన్ని బట్టి వినికిడి యంత్రం ఉపయోగపడుతుంది. కొందరిలో మాత్రం చెవిలో గుబిలి గట్టిపడడం, చీము వంటి సులువుగా నయమయ్యే కారణాలు ఉండవచ్చు. అందుకే ముందు పరీక్ష. ఇంకొక హెచ్చరిక: ఒక చెవి హఠాత్తుగా వినపడకపోతే "చూద్దాంలే" అని ఊరుకోరాదు. అది అత్యవసరం. ఆ రోజే, లేదా మరునాటికైనా చెవి డాక్టరు దగ్గరకు వెళ్ళాలి.

అమ్మేయమని పట్టుబట్టవచ్చునా? అప్పు చేసి కొన్నవాటి విషయంలో మీకు ఆ హక్కు ఉన్నది. కాని అన్నీ ఒక్కసారిగా బయట పారేయిస్తే, మనిషి ఇంకొక చోట దాచడం నేర్చుకొంటాడు. కమలాపురం దంపతులకు నేను వ్రాసి ఇచ్చిన చీటీ ఇదీ:

మొదటిది, లెక్క. ఇద్దరూ కూర్చొని, ఇంతదాకా కొన్నవాటి అసలు ధరలు ఒక నోటుపుస్తకంలో వ్రాయాలి. ఆ పూట దెప్పిపొడుపులు ఉండకూడదు. ఫీజులు, అప్పు కంతులు, మందులు, కొంత పొదుపు పోగా మిగిలినదాంట్లో ఇద్దరికీ సమానంగా చేతిఖర్చు పెట్టుకోవాలి. ఆయన భాగంతో ఆయన పెట్టెలు కొనుక్కోవచ్చు. ఆమె భాగానికి ఆమె లెక్క చెప్పనక్కరలేదు. కంతుల మీద, క్రెడిట్ కార్డు మీద పాటల సామాను కొనరాదు.

రెండవది, మోతాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన లెక్క ప్రకారం పెద్దలు వారానికి 40 గంటలు 80 డెసిబెళ్ళ వరకు వినవచ్చు. పిల్లలకైతే 75. ధ్వని 3 డెసిబెళ్ళు పెరిగినకొద్దీ గంటలు సగానికి సగం తగ్గాలి. 83కు 20 గంటలు, 86కు 10 గంటలు. 90 దగ్గర వారం మొత్తానికి 4 గంటలే. ఫోనులోని కొలత సాధనాలు ఉజ్జాయింపుగా చెబుతాయి. అదీ లేకపోతే, చేయి చాపినంత దూరంలో ఉన్న మనిషితో గొంతు పెంచి మాట్లాడవలసివస్తే మోత మించినట్లే. మిల్లులో పనిచేసేవారు దూది పెట్టుకొంటే చాలదు. చెవులకు సరైన బిరడాలు గాని, కప్పులు గాని వాడాలి. రాత్రి పది తరువాత స్పీకర్లు ఆపాలి. 2000 సంవత్సరపు ధ్వని కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాలలో రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 45 డెసిబెళ్ళే పరిమితి.

మూడవది, కొనకుండా బాగుచేసుకోవడం. 50 వాట్ల ఆంప్లిఫయరు తీసేసి 100 వాట్లది పెడితే పెరిగేది 3 డెసిబెళ్ళే. చెవికి తేడా కొంచెమే తెలుస్తుంది. మోత రెండింతలు అనిపించాలంటే శక్తి సుమారు పదింతలు కావాలి. మన వైపు ఇండ్లలో నేల నాపరాయి, గోడలు బోడి. ధ్వని తగిలి తగిలి గలగలలాడుతుంది. నేల మీద మందపాటి జంఖానా, కిటికీలకు తెరలు, గోడవారగా పుస్తకాల బీరువా, కుర్చీ గోడ నుంచి కొంచెం ముందుకు — ఇంతమాత్రంతో వచ్చే తేడా చాలాసార్లు లక్ష రూపాయల పెట్టెతో కూడా రాదు.

నాలుగవది, మాట. రోజూ ఒక అరగంట పాటలు, టీవీ, ఫోను అన్నీ ఆపి ఎదురెదురుగా కూర్చోవాలి. వంటింట్లో నుంచి కేక వేసి చెప్పరాదు. ముఖం కనపడేటట్లు, మెల్లగా, విడమర్చి చెప్పాలి. అర్థం కాకపోతే ఊరికే తల ఊపక, మళ్ళీ చెప్పమని అడగాలి. వారానికి ఒకటి రెండు రోజులు గది తలుపు తెరిచి, ఆమె కోరిన పాటలు ఆమె చెప్పినంత మెల్లగా పెట్టాలి.

ఆ దంపతుల సంగతి ఏమయిందంటారా? రెండు జతల స్పీకర్లు అమ్మి గొలుసు విడిపించారు. ఒక ఆంప్లిఫయరు, ఒక జత స్పీకర్లు మిగిలాయి. కూతురి ఫీజు కట్టారు. ఆయన వినికిడి యంత్రం పెట్టుకోవడానికి నాలుగు నెలలు సంకోచించాడు, ఇప్పుడు పెట్టుకొంటున్నాడు. పోయిన వారం ఆమె రక్తపోటు 138/88. పోట్లాటలు పూర్తిగా పోలేదు. "ఇప్పుడు నేను తిట్టేది అంతా ఇనపడతాండాది సార్, అదీ కష్టంగానే ఉండాది ఆయనకు" అని ఆమె నవ్వింది.

కాబట్టి అమ్మా, రేపే అమ్మకం మాట ఎత్తకండి. ముందు మీ వారిని చెవి డాక్టరు దగ్గరకు తీసుకొని వెళ్ళండి. "నీకు చెవుడు" అని కాదు. "మీకు ఇంత ఇష్టమైన పాట మీ చెవిలోకి పూర్తిగా వస్తున్నదో లేదో చూద్దాం రండి" అని చెప్పండి. పాట ప్రియుడు ఆ మాటకు తప్పక వస్తాడు. రిపోర్టు మంచిగా వస్తే సంతోషమే. వినిపించుకోకపోవడానికి చెవి కారణం కాదని తేలుతుంది, నోటుపుస్తకం దగ్గర కూర్చోవడానికి సాకులుండవు. మీరు కూడా ఒకసారి రక్తపోటు చూపించుకోండి. ఇన్నాళ్ళూ మనసులో పెట్టుకొని బాధపడిన మనిషి తన ఆరోగ్యం సంగతి మరచిపోవడం నేను చాలా చూశాను.