గట్టిగా నవ్వుకోడానికి ఓ జాగా

నవ్వే ఆడదాన్ని, ఏడ్చే మగవాణ్ని నమ్మకూడదని మన పెద్దలు ఓ సామెత చెప్పిపెట్టారు. ఆ సామెత పుట్టించిన మహానుభావులు రంగులరాట్నం ఎక్కిన ఆడవాళ్లను చూసి ఉండరు. పైకి వెళ్లేటప్పుడు చీరకుచ్చెళ్లు ఒడిసిపట్టుకుని, కిందికి దిగేటప్పుడు కళ్లు మూసుకుని, అత్తా కోడలూ ఒకే గొంతుతో కేక పెడతారు. దిగాక ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని కడుపుబ్బ నవ్వుకుంటారు. ‘ఏమిటా అరుపులు?’ అని అక్కడ ఎవరూ గదమాయించరు. ఇంట్లో నెమ్మదిగా, బస్సులో ఇంకా నెమ్మదిగా, ఆఫీసులో వినీ వినపడనట్టు మాట్లాడ్డం అలవాటైన మనకి, గొంతెత్తి అరిచినా తప్పుపట్టని చోటు అదొక్కటే.

ఆ చోట్లకే ఇప్పుడు కష్టకాలం వచ్చింది.

మా పటాన్‌చెరు, సంగారెడ్డి మీదుగా పోయే రోడ్డును ఇక్కడ అందరూ బొంబాయి రోడ్డనే అంటారు. జహీరాబాద్ దాటి, షోలాపూర్, పూణేల మీదుగా అది ముంబై చేరుతుంది. మెదక్, కరీంనగర్, నల్గొండ, పాలమూరు పల్లెల నుంచి భివండీ మగ్గాల కోసమో, ముంబైలో కట్టడం పనుల కోసమో మనవాళ్లు తరతరాలుగా వలసపోతూనే ఉన్నారు. వాళ్లు సెలవులకి ఊరొస్తే పిల్లలం చుట్టూ మూగి అడిగే మొదటి ప్రశ్న ‘ఎస్సెల్ వరల్డ్ చూశారా?’ అనే! ముంబై శివార్లలో, గోరాయి దగ్గర సముద్రపు ఒడ్డున 1989లో తెరిచిన ఆటల పార్కు అది. లాంచీ ఎక్కి నీళ్లు దాటి వెళ్లాలి. దూరదర్శన్ రోజుల్లో దాని ప్రకటన పాట రాని పిల్లలు లేరు. హిందీ ముక్క రాని మా వీధి పిల్లలు కూడా ఆ పాట అప్పజెప్పేవారు. నాబోటి వాళ్లం దాన్ని చూసింది టీవీలోనే అనుకోండి!

అలాంటి ఎస్సెల్ వరల్డ్ కోవిడ్ తర్వాతి సంవత్సరాల్లో తలుపులు మూసుకుంది. పక్కనే 1998లో వచ్చిన నీళ్ల పార్కు, వాటర్ కింగ్‌డమ్, దాన్ని దాటి బతికింది. సముద్రం ఒడ్డున, ముంబైలాంటి నగరంలో అంత నేల ఖాళీగా కనబడితే ఎందరి కళ్లు దానిమీద పడతాయో వేరే చెప్పాలా?

పార్కులు ఎందుకు కుదేలవుతాయో ఇంటి ఖర్చు లెక్కలు రాసుకునే మనకి సులువుగానే అర్థమవుతుంది. సముద్రపు గాలిలో ఉప్పుంటుంది. అది ఇనుమును ఊరికే ఉండనివ్వదు. ఒడ్డున ఉన్న ఇంటి కిటికీ చువ్వలే తుప్పు పడుతుంటే, మనుషుల్ని ఎత్తుకుని గిరగిరా తిరిగే యంత్రాల సంగతేమిటి? రంగులు వెయ్యాలి, మరలు మార్చాలి, పరీక్షలు చేయించాలి. ఇందులో పిసినారితనం చూపిస్తే ప్రాణాల మీదికొస్తుంది. ఖర్చు ఏడాది పొడుగునా ఉంటుంది, రాబడి మాత్రం ఆదివారాలూ, వేసవి సెలవులూనే. వానాకాలం వస్తే సగం ఆటలు ఆగిపోతాయి. ఈ కష్టాలు చాలవన్నట్టు 2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పుడు ఆటల పార్కు టిక్కెట్టు మీద 28 శాతం పన్ను వేశారు. పిల్లల ఆట విలాసమట! గగ్గోలు పుట్టాక 2018 జనవరిలో 18 శాతానికి దించారు. రెండేళ్లు తిరిగేసరికి కోవిడ్. మనుషులు పక్కపక్కన కూర్చోకూడదన్న కాలంలో, పక్కపక్కన కూర్చోబెట్టడమే పనిగా బతికే చోటు ఏమవుతుంది?

అయితే నష్టాలొక్కటే పార్కును చంపవు. దాని కింద ఉన్న నేల ధర చంపుతుంది. రాట్నం ఏడాదంతా తిరిగి సంపాదించేదానికన్నా, దాన్ని పీకేసి నేల అమ్మితే పదింతలు వచ్చే రోజు ఒకటి వస్తుంది. ఆ రోజు రాట్నం ఎంత బాగా తిరిగినా లాభం లేదు. ఢిల్లీలో 1982 ఆసియా క్రీడల ఏనుగుపిల్ల పేరు పెట్టి, 1984లో అప్పూ ఘర్ తెరిచారు. దేశమంతా పిల్లలకి దాన్ని చూడాలని కలలు. 2008లో అదీ మూతపడింది. అక్కడి నేల సుప్రీంకోర్టు విస్తరణకు కావాల్సి వచ్చింది. న్యాయస్థానం అవసరం కాదని ఎవరంటారు? కానీ పిల్లల తరఫున ‘మరి మా ఆటస్థలం ఏదీ?’ అని అడిగే వకీలు మాత్రం లేకపోయాడు.

ఇది మన దేశపు తెగులే అనుకోకండి. సముద్రం ఒడ్డున ఆటల పార్కులన్నిటికీ పెద్దక్కలాంటిది న్యూయార్క్‌లోని కోనీ ఐలాండ్. 1920లో అక్కడిదాకా సబ్‌వే రైలు వచ్చింది. ఛార్జీ ఐదు సెంట్లు. అంతే! కుట్టుమిషన్ల కార్ఖానాల్లో, దుకాణాల్లో వారమంతా నిలబడి పనిచేసే ఆడపిల్లలు ఆదివారం రాగానే రైలెక్కి సముద్రానికి పోయేవాళ్లు. వాళ్ల ఆదివారానికి ఓ గమ్యం దొరికింది. తర్వాత్తర్వాత అక్కడి పార్కులు ఒక్కొక్కటే పోయాయి. 1897 నుంచి నడిచిన స్టీపుల్‌చేజ్ పార్కు 1964లో మూతపడింది. దాన్ని కొన్న పెద్దమనిషి ఫ్రెడ్ ట్రంప్. అవునండీ, డొనాల్డ్ ట్రంప్ నాన్నగారే! అపార్టుమెంట్లు కడదామని 1966లో అక్కడి గాజు మంటపాన్ని కూలగొట్టించారు. తీరా అనుమతి రాలేదు. ఆట పోయింది, ఇల్లూ రాలేదు. ఏళ్లతరబడి ఆ నేల బోసిగా పడి ఉంది.

2008లో ఆస్ట్రోలాండ్ అనే మరో పార్కు కూడా మూతపడ్డాక నగరపాలనకి మెలకువ వచ్చింది. మరుసటి ఏడాదే సుమారు ఏడెకరాలు ప్రభుత్వమే కొనేసి, అది ఆటలకే అని కేటాయించింది. 2010లో అక్కడ లూనా పార్కు అనే పాత పేరుతో కొత్త పార్కు లేచింది. 1927 నాటి సైక్లోన్ అనే చెక్క రోలర్ కోస్టర్‌ను అంతకుముందే, 1988లో, చారిత్రక కట్టడంగా ప్రకటించి ఉంచారు కాబట్టి దాన్ని ఎవరూ ముట్టుకోలేకపోయారు. 2025లో అక్కడే జూదశాల కడతామంటూ ఒకరు ముందుకొస్తే, సెప్టెంబరులో స్థానికుల కమిటీ వద్దుపొమ్మంది. కోనీ ఐలాండ్ బతికి బట్టకట్టింది దయాదాక్షిణ్యాల వల్ల కాదు. నేల ఆటలకే అని కాగితం మీద రాసిపెట్టినందువల్ల.

మన విశాఖనే చూడండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను బీచ్ రోడ్డును ఊడ్చిపెట్టింది. ఉడా పార్కులో, కైలాసగిరి మీద చెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. అయినా మళ్లీ మొక్కలు నాటారు, మళ్లీ గేట్లు తెరిచారు. అవి ప్రజల సొమ్ముతో, పట్టణాభివృద్ధి సంస్థ చేతిలో ఉన్న పార్కులు కాబట్టే మళ్లీ లేచాయి. తుఫాను వల్ల పోయిన పార్కు తిరిగి వస్తుంది, అమ్ముడుపోయిన పార్కు తిరిగి రాదు.

సముద్రం వందల కిలోమీటర్ల దూరాన ఉన్న మన సంగారెడ్డి, పటాన్‌చెరు ఆడవాళ్లకి ఈ గోలంతా ఎందుకంటారా? ఉంది, చాలా ఉంది. భెల్, ఇక్రిశాట్ వచ్చిన నాటినుంచి ఈ ప్రాంతానికి బతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చేవాళ్లే. బొల్లారం, పాశమైలారం, ఇస్నాపూర్‌లలో బీహార్ నుంచి, ఒడిశా నుంచి, మన పల్లెల నుంచి వచ్చిన కుటుంబాలు ఒంటిగది ఇళ్లలో కాపురాలు చేస్తున్నాయి. మందుల కంపెనీలో ప్యాకింగు పనికి పోయే మా వీధి అమ్మాయిని ‘ఆదివారం ఏం చేస్తావే?’ అని ఓసారి అడిగాను. ‘బట్టలుతుకుతా అక్కా. ఇంకేముంటది?’ అంది. ఆ ‘ఇంకేముంటది’ అన్నమాటే నా చేత ఇదంతా రాయిస్తోంది.

2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆర్టీసీ బస్సు మనకి ఉచితం. సంతోషమే. బస్సెక్కి ఎక్కడికి పోవాలి? నగరానికి అటు చివర రావిర్యాలలో 2016లో వండర్‌లా వచ్చింది. శుభ్రంగా ఉంటుంది, బాగుంటుంది. కానీ టిక్కెట్టు పెద్దవాళ్లకి వెయ్యి దాటే ఉంటుంది. నలుగురున్న ఇంట్లో ఒక్క రోజు సరదా నెల ఇంటద్దెతో పోటీపడుతుంది. ప్రయాణం ఉచితం, గేటు దగ్గరే చిక్కు!

ఇక మనకి మిగిలింది జాతర. మంజీర ఏడు పాయలుగా చీలే చోట, ఏడుపాయల వనదుర్గమ్మ దగ్గర శివరాత్రికి మూడు రోజులు రంగులరాట్నాలు తిరుగుతాయి. అమ్మవారి పేరు చెబితే ఏ అత్తగారూ వద్దనదు. హైదరాబాద్‌లో 1938లో మొదలైన నుమాయిష్‌లో ఆడవాళ్లకోసం ప్రత్యేకంగా ఓ రోజు కేటాయించే ఆనవాయితీ ఉంది. మన ముందుతరాలకి తెలిసిన మర్యాద ఇది. ఏడాదిలో మూడు రోజులో, నెలన్నరో కాక, మిగతా కాలానికి కూడా ఆ మర్యాద దక్కకూడదా?

‘తాగే నీళ్లకే దిక్కులేదు, నక్కవాగు కంపు పోలేదు, ఇప్పుడు ఆటలా?’ అని కొందరు అనొచ్చు. నిజమే, నీళ్లు ముందు, గాలి ముందు. కానీ విషపు గాలి పీల్చే పిల్లకే కదా పరిగెత్తడానికి కాస్త మంచి జాగా ఎక్కువ అవసరం! అలాగని మంజీర ఒడ్డున రాట్నాలు పెట్టమని నేను అడగడం లేదు. 1978 నుంచి అది అభయారణ్యం, మొసళ్ల పుట్టిల్లు. పైగా హైదరాబాద్‌కి తాగునీరు. దాని జోలికి పోవద్దు. లేఅవుట్లలో ఖాళీ స్థలం వదలాలని నిబంధన ఉందికదా, అక్కడ చూడమంటున్నాను.

అదీ ఇప్పుడే చూడాలి. ఇదే ఔటర్ రింగురోడ్డు మీద మన ముత్తంగి నుంచి ముందుకు పోతే వచ్చే కోకాపేటలో, 2023 ఆగస్టు వేలంలో ఎకరం వంద కోట్లు దాటింది. ఆ గాలి ఇటు తిరగడానికి ఎంతో కాలం పట్టదు. నేల ధర ఆకాశానికి అంటాక ఆటస్థలం అడిగితే నవ్వి ఊరుకుంటారు.

అందుకని ఈసారి వార్డు పెద్దలు ఓటు కోసం గుమ్మంలోకి వచ్చినప్పుడు సీసీ రోడ్డుతో పాటు ఇవి కూడా అడగండి. మన పట్టణంలో రెండెకరాలు ఆటలకే అని రాసివ్వాలి, దాన్ని ఇంకెవరికీ మళ్లించకూడదు. కూలితల్లి కొనగలిగే టిక్కెట్టు పెట్టాలి. వారంలో ఒక పూట ఆడవాళ్లకి కేటాయించాలి. తలుపు గడియ పడే మరుగుదొడ్డి, పాలిచ్చే తల్లికి ఓ గది ఉండాలి. రాట్నానికి పరీక్ష ఎప్పుడు చేశారో గేటు దగ్గర బోర్డు మీద రాయాలి. చీకటి పడ్డాక ఇంటికి చేర్చే బస్సు ఉండాలి. ఇందులో గొంతెమ్మ కోరిక ఒక్కటైనా ఉందా, మీరే చెప్పండి.

పెద్ద పెద్ద పార్కులు ఉంటాయో పోతాయో వాటి యజమానులు చూసుకుంటారు. మన ఊళ్లో చిన్న రాట్నానికి నిలవ నీడ ఉండాలంటే మాత్రం అడగాల్సింది మనమే. మహిళా సంఘం సమావేశంలో పొదుపు లెక్కలు ముగిశాక, ఓ పది నిమిషాలు ఈ సంగతి మాట్లాడుకోండి. ఓ కాగితం మీద రాసి అందరూ సంతకాలు పెట్టి మున్సిపల్ ఆఫీసులో ఇచ్చి, ముట్టినట్టు ముద్ర వేయించుకు రండి.