పెరట్లో నూల్‌కోల్: అక్టోబర్‌లో విత్తు, సంక్రాంతికి కూర

బెంగళూరులో పనిచేసే మనవాళ్లు దీన్ని ఎప్పుడో తినే ఉంటారు, పేరు తెలియకుండానే. పూరీకి ఇచ్చే సాగులో ఉర్లగడ్డ అనుకుని కొరికితే లేత తీపితో ఒక ముక్క తగులుతుంది చూడండి, చాలాసార్లు అది నూల్‌కోలే. కన్నడంలో నవిలుకోసు అంటారు, చెన్నైలో నూక్కోల్. కశ్మీర్‌లో అయితే గడ్డనీ ఆకునీ కలిపి వండుకుంటారు. మన సీతారామపురం, ఉదయగిరి వైపు ఇళ్లలో మాత్రం ఈ పేరు చాలామందికి కొత్త.

చూడ్డానికి దుంపలా ఉంటుంది కానీ దుంప కాదు. కాండమే మట్టికి పైన ఉబ్బి బంతిలా తయారవుతుంది. క్యాబేజీ, కాలీఫ్లవర్, బ్రకోలీ, నూల్‌కోల్ నాలుగూ వృక్షశాస్త్రం లెక్కలో ఒకే జాతి.

మరి క్యాబేజీ వేసుకోకుండా దీని వెంట ఎందుకు పడాలి? టైమ్ కోసం. మన పడమటి నెల్లూరులో చలికాలం ఎంతసేపు ఉంటుందో మీకు తెలుసు. నవంబర్ మధ్యలో మొదలై ఫిబ్రవరికల్లా సర్దుకుంటుంది. ఆ తర్వాత ఎండ, దాని వెనకే బోర్ల కష్టాలు. నారు నాటాక క్యాబేజీకి రకాన్ని బట్టి 70 నుంచి 100 రోజులు కావాలి. నూల్‌కోల్‌కి 50 నుంచి 60 రోజులు చాలు. నీళ్లు కరువయ్యే లోపే డెలివరీ ఇచ్చేసే పంట ఇది.

లెక్క ఇలా వేసుకోండి. అక్టోబర్ 20 ప్రాంతంలో ట్రేలో గానీ పాత డబ్బాలో గానీ విత్తండి. ఈశాన్య రుతుపవనాల వానకి నారు కొట్టుకుపోకుండా వరండాలో, వెలుతురు తగిలేచోట పెట్టండి. 25 రోజులకి నారు సిద్ధం. నవంబర్ మధ్యలో, బాగా చివికిన పశువుల ఎరువు కలిపిన మట్టిలో, మొక్కకీ మొక్కకీ 25 సెంటీమీటర్లు వదిలి నాటండి. ఒక చదరపు మీటరులో 16 మొక్కలు పడతాయి. వైట్ వియన్నా, పర్పుల్ వియన్నా బాగా తెలిసిన రకాలు. పర్పుల్‌కి తొక్కే ఊదా, లోపల తెలుపే. అన్నీ ఒకేసారి కోతకి రాకుండా సగం ఇప్పుడు, సగం రెండు వారాల తర్వాత విత్తితే మంచిది.

నీళ్ల సంగతి. చలికాలంలో చదరపు మీటరుకి రోజూ సుమారు 4 లీటర్లు సరిపోతాయి. బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లు పారబొయ్యకుండా పట్టుకుంటే చాలావరకు అందులోనే గడిచిపోతుంది. సబ్బు నీళ్లు మాత్రం వద్దు. నాలుగు రోజులు ఎండబెట్టి ఐదో రోజు ముంచేస్తే గడ్డ పగులుతుంది, పీచు పడుతుంది. కొంచెమే పొయ్యండి, కానీ క్రమం తప్పొద్దు.

శత్రువులు ఎవరంటే ఆకు తినే పచ్చపురుగులు, పేనుబంక. పొద్దున్నే ఆకు తిప్పి చూసి పురుగుల్ని ఏరేయండి. లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు ద్రావణం కలిపి సాయంత్రం పూట చల్లండి. పక్కనే ఒక వరస ఆవాలు చల్లినా పనికొస్తుంది. పురుగు ముందు ఆవమొక్క మీదికే పోతుంది. క్యాబేజీ రైతులకి బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ నేర్పిన ఉపాయం ఇది.

కోతలో అత్యాశ వద్దు. గడ్డ టెన్నిస్ బంతి సైజుకి రాగానే కోసేయండి. ఇంకా పెరుగుతుందిలే అని వదిలేస్తే పీచు కట్టి, నమిలినా నలగదు.

ఇక వంట. అడుగున గట్టిగా ఉన్న భాగం కోసేసి, తొక్క మందంగా చెక్కండి. రెండు గడ్డలు చిన్న ముక్కలు చేసుకోండి. మూడు చెంచాల పెసరపప్పు అరగంట నానబెట్టండి. ఆవాలు, మినపప్పు, ఎండుమిరపకాయ, దంచిన తెల్లగడ్డ, కరివేపాకుతో తిరగమోత పెట్టి ముక్కలు, పప్పు, పసుపు, ఉప్పు వేసి, నీళ్లు చిలకరించి మూతపెట్టండి. సన్నమంట మీద పది పన్నెండు నిమిషాలు. పైన పచ్చికొబ్బరి. కలపడానికి ఉదయగిరి చెక్క గరిటె ఉంటే ఇంకేం కావాలి! లేత ఆకులు పారేయకండి, ఈనె తీసేసి కందిపప్పులో వేస్తే తోటకూర పప్పులా కమ్మగా ఉంటుంది.

ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లకి ఒక మాట. 100 గ్రాముల ఉర్లగడ్డలో పిండిపదార్థం దాదాపు 17 గ్రాములు ఉంటే, ఇందులో 6 గ్రాములే. పచ్చి గడ్డలో విటమిన్ సి 60 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, ఉడికిస్తే కొంత పోతుంది. థైరాయిడ్ సమస్య ఉన్నవాళ్లు పచ్చిగా ఎక్కువ తినకుండా ఉడికించి తినడం మేలు, డాక్టర్‌ని కూడా ఒకసారి అడగండి.

ఊళ్లో అమ్మానాన్నలు ఇద్దరే ఉంటున్నారా? దసరా సెలవులకి వెళ్లేటప్పుడు ఒక విత్తనాల ప్యాకెట్ తీసుకెళ్లండి. ట్రేలో మట్టి నింపి మీరే విత్తి రండి. రోజూ నాలుగు లీటర్ల నీళ్లు వాళ్లు పోస్తారు. సంక్రాంతికి మీరెళ్లేసరికి కూరకి గడ్డ సిద్ధంగా ఉంటుంది.