కమాను మార్చితే సరిపోతుందా?

పాడేరు ఏజెన్సీలో సంతరోజున జీపెక్కేవారు చోటు చూసుకుంటారే గాని చక్రాలు చూడరు. ఎత్తు కోసం పాత జీపులకు యజమానులు కమాను ముందుకొసన పొడవాటి షాకిళ్లు వేయిస్తుంటారు. దాంతో ముందు యాక్సిల్ వాలు మారి కాస్టర్ తగ్గుతుంది. మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను తిన్నగా రాదు. ఘాట్‌రోడ్డులో ఇది చిన్న విషయమా?

టైరాడ్ ఎండ్లు మార్చిన మెకానిక్కులు, పాత మరలు లెక్కపెట్టి బిగించామంటారు. అది షెడ్డు దాటించడానికి పనికొచ్చే లెక్క మాత్రమే. ముందుచక్రాల నడుమ ఎడాన్ని ముందువైపూ వెనుకవైపూ కొలిచి సరిచేయాలి. లేకుంటే టైర్ల అంచులు అరిగిపోతాయి. ఈ కొలతకు టేపు చాలు. కాస్టర్‌కైతే కమానుకూ యాక్సిల్‌కూ మధ్య ఏటవాలు ముక్క వేయించాలి; అది తిరగబడితే ఉన్న కాస్టరూ పోతుంది. ఈ పని చూపించకుండా జనాన్ని ఎక్కించుకోవడం తప్పు. అడిగితే, సంత అయ్యాక చూద్దామంటారు.